నీటిలో కలిపే ముందు ఒక్కసారి విప్పి చూడండి



ఈ వారం వీడియోలో మత్స్యావతారం గురించి చెప్పుకున్నాం. ఉన్న పదిహేను నిమిషాల్లో కథ పూర్తయింది గానీ, ఈ కథే ఎందుకు ఎంచుకున్నానో చెప్పడానికి టైమ్ సరిపోలేదు. ఆ మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. కెమెరా ముందు చెప్పబోతే గొంతు పట్టేసింది, అందుకే రాస్తున్నాను.

నేను కాచిగూడలో ఆదివారం పొద్దున పిల్లలకి ఒక చిన్న క్లాసు చెబుతానని మీలో చాలామందికి తెలుసు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పదకొండు మంది వస్తారు. ఒక భాగవత కథ, నాలుగు శ్లోకాలు, ఆ తర్వాత వాళ్ల ప్రశ్నలు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నల కోసమే నేను ప్రిపేర్ అయి వెళ్తాను.

దసరాకి ముందు ఆదివారం మూడు ఋణాల గురించి చెప్పాను. మనిషి పుట్టడమే మూడు అప్పులతో పుడతాడని వేదం చెబుతుంది. దేవతలకి ఒకటి, ఋషులకి ఒకటి, పితృదేవతలకి ఒకటి. పూజలూ యజ్ఞాలూ చేస్తే దేవఋణం తీరుతుంది. వంశం నిలబెడితే పితృఋణం తీరుతుంది. ఋషిఋణం తీరాలంటే వాళ్లు ఇచ్చిన విద్యని మనం చదవాలి, చదివి ఇంకొకరికి అందించాలి.

అంతా విని, పదో తరగతి అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది.

"అక్కా, మా తాతయ్య ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నరు. అటక మీద ట్రంకు పెట్టె ఉంది. అందుల తాటాకుల కట్టలు ఉన్నయ్. గోదావరి పుష్కరాలకి పోయినప్పుడు నీళ్లల్ల కలుపుదాం అంటున్నడు నాన్న. గట్ల కలిపితే పుణ్యమేనా?"

నేను జవాబు చెప్పేలోపే పక్కన కూర్చున్న ఇంటర్ అబ్బాయి అందుకున్నాడు. "కలపకుంటే ఏం చేస్తరు? ఇంట్ల ఎవ్వరికీ చదవరాదు. భాగవతం, రామాయణం అన్నీ ఫోన్‌ల ఉన్నయ్ గదా."

ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. నిజానికి ఉంది, చెప్పడానికి ధైర్యం చాలలేదు. "సెలవుల్లో ఒక రోజు నాతో రండి, చూపించి చెబుతాను" అని తప్పించుకున్నాను.

దసరా సెలవుల్లో ఒక మంగళవారం, తల్లిదండ్రుల పర్మిషన్ తీసుకుని, తొమ్మిది మందితో బయల్దేరాను. ఆదివారమైతే మేము వెళ్లాల్సిన రెండు చోట్లా తాళం వేసి ఉంటుంది, అందుకని పనిరోజు చూసుకున్నాం. కాచిగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం నిలబడి ఉండగా, ఈ స్టేషన్ ఎప్పటిదో తెలుసా అని అడిగాను. ఎవరికీ తెలియదు. 1916 నాటిది, నిజాం రైల్వే కాలంలో కట్టారు. రోజూ చూసే గుమ్మటాలే, ఆ రోజు మొదటిసారి తలెత్తి చూశారు. విద్యానగర్, జామై ఉస్మానియా దాటి మూడో స్టేషన్ ఆర్ట్స్ కాలేజీలో దిగిపోయాం.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగని పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారా? మావాళ్లు కూడా ముందు ఆ పనే చేశారు. సెల్ఫీల గోల అయ్యాక మెట్ల మీద కూర్చోబెట్టి, స్తంభాలు చూడమన్నాను. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. ఈ భవనాన్ని 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. కట్టించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. డిజైన్ చేసింది బెల్జియం నుంచి వచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్. స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి, పైన తోరణం చూస్తే మసీదు గుర్తొస్తుంది. గ్రానైట్ రాయి మాత్రం మన దక్కను నేలదే. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్లి స్తంభాల్ని తడిమి వచ్చారు.

అక్కణ్ణుంచి క్యాంపస్‌లోనే ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి నడిచాం. ఓయూ పోలీస్ స్టేషన్ వెనకాల ఉంటుంది. ఆ దారిలో రోజూ వేలమంది పోతారు. లోపల ఇరవై వేలకి పైగా చేతిరాత గ్రంథాలు ఉన్నాయని వాళ్లలో ఎంతమందికి తెలుసో! తెలుగు, సంస్కృతం, అరబీ, పారసీ, ఉర్దూ అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. తాటాకులూ ఉన్నాయి, కాగితాలూ ఉన్నాయి.

ఒక పెద్దాయన మా పిల్లల కోసం ఒక కట్ట విప్పి చూపించారు. ఆయన విప్పే పద్ధతి చూసి అందరూ గప్‌చుప్ అయిపోయారు. ముందు గుడ్డ తీశారు. తర్వాత పైనా కిందా ఉన్న చెక్కలు, వాటి మధ్యలోంచి పోయే దారం. చంటిపిల్లకి స్నానం పోసే ముందు బట్టలు విప్పుతామే, అంత నెమ్మదిగా విప్పారు.

తాటాకు పుస్తకం ఎలా తయారవుతుందో మీరు కూడా వినండి. లేత ఆకుల్ని కోసి ఎండబెడతారు. నీళ్లలో ఉడకబెడతారు, కొన్నిచోట్ల ఆ నీళ్లలో పసుపు కూడా వేస్తారు. మళ్లీ ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒకే కొలతకి కత్తిరించి చిల్లులు పెడతారు. ఆ తర్వాత గంటంతో రాయాలి. గంటం అంటే ఇనప ములుకు. దాంతో రాస్తే ఆకు మీద గీత పడుతుందే గానీ అక్షరం కనపడదు. ఆకు మీద మసి పూసి గుడ్డతో తుడిస్తే, గీతల్లో మసి నిలిచి అప్పుడు అక్షరం నల్లగా పైకి తేలుతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఆకు చిరిగిపోతుందని చుక్కలు పెట్టరు. ఒత్తు పొరపాటున పడితే డిలీట్ బటన్ లేదు. ఇలా వందలకొద్దీ ఆకులు రాయాలి, అది కూడా ఆముదం దీపం వెలుతురులో.

ఇంత కష్టపడి రాసినా, మన ఎండలకీ వానలకీ తాటాకు కొన్ని వందల ఏళ్లకి మించి ఉండదు. పురుగు తింటుంది, పెళుసెక్కి విరుగుతుంది. అలాంటప్పుడు వేల ఏళ్ల నాటి మాటలు మనదాకా ఎలా వచ్చాయి? ప్రతి కొన్ని తరాలకి ఎవరో ఒకరు కూర్చుని, పాత ఆకు చూస్తూ కొత్త ఆకు మీద మొత్తం మళ్లీ రాశారు. మన చేతికొచ్చిన ప్రతి గ్రంథం వెనకా అలాంటివాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మిగల్లేదు.

రాసి రాసి నడుము వంగిపోయిన ఆ లేఖకులు గ్రంథం చివర ఒక విన్నపం రాసుకునేవాళ్లు. తప్పులుంటే మన్నించమనేవాళ్లు. ఈ పుస్తకాన్ని నూనె నుంచి, నీటి నుంచి, వదులుగా కట్టే కట్టు నుంచి, విలువ తెలియనివాడి చేతి నుంచి కాపాడమని వేడుకునేవాళ్లు. ఆ పెద్దాయన ఈ సంగతి చెబుతుంటే నేను కిటికీ వైపు తిరిగిపోయాను. ఎందుకో చెబుతాను.

2004లో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మాది మహబూబ్‌నగర్ వైపు. నాయనమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె దేవుడి గూట్లో ఎర్రగుడ్డలో కట్టిన తాటాకుల కట్ట ఒకటి ఉండేది. ఏటా దసరాకి, మూలా నక్షత్రం రోజున ఆ కట్టకి పసుపు, కుంకుమ పెట్టేది. "ఏముంది నాయనమ్మా అందులో?" అని చిన్నప్పుడు అడిగాను. "మీ తాత తాత రాసిండు బిడ్డా. నాకు చదువురాదు. నువ్వు సదువుకో, సదివి నాకు చెప్పు" అంది. నేను చదువుకున్నాను, కానీ అది మాత్రం చదవలేదు.

పుష్కరాలకి బీచుపల్లి వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు, ఎవరూ చదవని పుస్తకం ఇంట్లో ఉంటే దోషం, గంగలో కలిపేద్దాం అన్నారు. నేనే ఆ కట్టని ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. నేనే నడుము లోతు నీళ్లలో దిగి వదిలాను. దండం కూడా పెట్టుకున్నాను. చాలా పుణ్యం చేసినంత హాయిగా ఇంటికి వచ్చాను.

కొన్నేళ్లకి నాయనమ్మ రామాయణం పుస్తకం దులుపుతుంటే మధ్యలోంచి ఒక ఆకు జారిపడింది. పేజీ గుర్తు కోసం ఆమె పెట్టుకున్నదేమో. చాలా రోజుల తర్వాత, పాత లిపి చదవగలిగిన ఒకాయనకి చూపించాను. చంటిపిల్లల దగ్గుకి ఇచ్చే మందు అన్నారాయన. ఏ ఆకు, ఏ వేరు, ఎంత, ఏ అనుపానంతో ఇవ్వాలి అని ఉందట. చివరి లైను సగంలో ఆగిపోయింది. మిగతాది తర్వాతి ఆకులో ఉండాలి. ఆ ఆకుని కృష్ణలో వదిలింది నేనే.

నీటి నుంచి కాపాడమని రాసుకున్న మనిషి పుస్తకాన్ని, ఆయన మనవడి మనవరాలిని, నేనే నీటిలో కలిపాను. పిల్లలందరి ముందూ లైబ్రరీ బయట చెట్టు కింద ఈ మాట చెప్పాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"మరి పెద్దవాళ్లు ఎందుకు గట్ల చెప్పిన్రు అక్కా? వాళ్లకి తెల్వదా?" అని అడిగింది. ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. పెద్దవాళ్లు చెప్పిన ఆచారంలో తప్పు లేదు. పూర్వం గ్రంథం జీర్ణమైతే ముందు కొత్త ఆకుల మీదకి ఎక్కించేవాళ్లు. సరిచూసుకునేవాళ్లు. ఆ తర్వాతే పాత ఆకుల్ని, కాళ్ల కింద పడకుండా, గౌరవంగా నదిలో వదిలేవాళ్లు. అంటే ఆ పనికి రెండు భాగాలు. రాసుకోవడం మొదటిది, వదలడం రెండోది. కాలక్రమంలో మొదటిది కష్టమని మానేశాం. రెండోది సులువు కాబట్టి ఆచారం పేరుతో ఉంచుకున్నాం. ఆత్మ వెళ్లిపోయాక దేహానికి సంస్కారం చేస్తాం. తాటాకులో విద్య ఇంకా ప్రాణంతోనే ఉంది కదమ్మా.

అప్పుడు చెప్పాను వాళ్లకి మత్స్యావతారం. దశావతారాల్లో మొదటిది అదే. సత్యవ్రతుడు నదిలో తర్పణం ఇస్తుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. కమండలంలో వేస్తే కమండలం చాల్లేదు, చెరువులో వేస్తే చెరువు చాల్లేదు, చివరికి సముద్రంలో వదలాల్సి వచ్చింది. ఇదంతా మనకి తెలిసిన కథే. ఆ అవతారం ఎందుకొచ్చిందో మాత్రం మర్చిపోతాం. బ్రహ్మ కునుకు తీసిన వేళ ఆయన నోట్లోంచి జారిన వేదాల్ని హయగ్రీవుడనే అసురుడు ఎత్తుకుపోయాడు. పైన ప్రళయజలం ముంచుకొస్తోంది. స్వామి మొదటి అవతారం ఎత్తింది ఆ నీళ్లలోంచి వేదాల్ని తిరిగి తేవడానికి. ప్రహ్లాదుడి కోసం, గజేంద్రుడి కోసం రావడానికన్నా ముందు, పోగొట్టుకున్న విద్య కోసం వచ్చాడు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు బీచుపల్లి ఘాట్ కళ్లలో మెదులుతుంది. ఆయన నీళ్లలోంచి బయటికి తెచ్చాడు, నేను నీళ్లలో వదిలాను.

ఇంకో సంగతి. సత్యవ్రతుడికి పంపిన నావలో స్వామి ఏమేం ఎక్కించమన్నాడు? ఓషధులు, విత్తనాలు, సప్తర్షులు. విద్యని కాపాడాలంటే దాన్ని తెలిసిన మనుషుల్ని కూడా కాపాడాలి. ఫోన్‌లో అన్నీ ఉన్నాయన్న అబ్బాయితో ఈ మాటే అన్నాను. "నాన్నా, ఫోన్‌లో ఉన్నది ఎవరో ఒకరు తాటాకు చదివి, అచ్చు వేయించి, టైపు చేస్తేనే వచ్చింది. ఎవరూ విప్పని కట్ట ఏ ఫోన్‌లోనూ ఉండదు. స్కాన్ చేసినా, చదవడం వచ్చిన మనిషి లేకపోతే అది ఉత్త బొమ్మ."

దీనికి మన ఇంటి ఉదాహరణలే రెండు చెబుతాను.

మొదటిది పోతన. జనగామ దగ్గర బమ్మెర ఆయన ఊరు. మనం పోతన భాగవతం అని పన్నెండు స్కంధాలూ పారాయణ చేస్తాం. కానీ అందులో ఐదో స్కంధం బొప్పరాజు గంగన రాశాడు. ఆరోది ఏర్చూరి సింగన రాశాడు. పదకొండు, పన్నెండు వెలిగందల నారయ రాశాడు. పోతన రాసిన భాగాలు కొన్ని పోయాయని, అందుకే వాళ్లు పూరించారని చెబుతారు. ఎలా పోయాయన్నదానికి భూమిలో పాతిపెట్టిన కథ ఒకటి, చెదల కథ ఒకటి ప్రచారంలో ఉన్నాయి. ఏది నిజమైనా ఫలితం ఒకటే. ఆ ముగ్గురూ కూర్చుని రాయకపోతే మన చేతిలో సగం సగం భాగవతం ఉండేది. దయచేసి ఈసారి పారాయణలో వాళ్ల ముగ్గురికీ కూడా ఒక నమస్కారం పెట్టండి.

రెండోది అన్నమయ్య. 1408లో పుట్టి 1503 దాకా ఉన్న మహానుభావుడు. 32 వేల సంకీర్తనలు రాశారని చెబుతారు. ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. తాటాకు పోతుంది, రాగి ఉంటుందని ఆ కొడుకు ముందుచూపు. ఆ రేకులు తిరుమల గుడిలోనే సంకీర్తన భండారంలో కొన్ని వందల ఏళ్లు పడి ఉన్నాయి. స్వామి దర్శనానికి లక్షలమంది వచ్చారు, పోయారు. ఇరవయ్యో శతాబ్దంలో గానీ అవి వెలుగు చూడలేదు. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి, వేటూరి ప్రభాకర శాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ లాంటి పండితులు చదివి, పరిష్కరించి, మనకి అందించారు. దొరికినవి సుమారు 14 వేలు. ఈ రోజు మీ ఇయర్‌ఫోన్స్‌లో మోగే పాట ఆ చీకటి గదిలోంచి వచ్చిందే.

మధ్యాహ్నం క్యాంపస్‌లోనే తెచ్చుకున్న పులిహోర తిని తార్నాక వైపు బయల్దేరాం. అక్కడ రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం ఉంది. అందరూ ఆర్కైవ్స్ అనే అంటారు. బహమనీల కాలం నాటి 1406 పత్రం దగ్గర్నుంచి, షాజహాన్, ఔరంగజేబు కాలం మొఘల్ కాగితాలు, అసఫ్‌జాహీల దఫ్తర్లు అన్నీ కలిపి కోట్ల కాగితాలు అక్కడున్నాయి. ఎక్కువ భాగం పారసీ, ఉర్దూ. కొన్ని మోడీ లిపిలో మరాఠీ.

ఇక్కడ మా ఇంటర్ అబ్బాయి మళ్లీ ఆగాడు. "అక్కా, పొద్దున చూసినయ్ మనవి. ఇవి వాళ్లవి గదా. ఇవి మనకెందుకు?"

అడిగినందుకు నేను కోప్పడలేదు. మీరు కూడా మీ పిల్లలు ఇలా అడిగితే కోప్పడకండి. మనసులో పెట్టుకోవడం కన్నా అడగడం మంచిది. అతనికి మూడు మాటలు చెప్పాను.

మొదటి మాట. మన తెలంగాణలో పాత గుడికి ఇనాం భూమి ఉందంటే, ఆ భూమి స్వామిదేనని ఏ కాగితం చెబుతుంది? నిజాం కాలంలో ఇనాం విచారణ చేసి ఇచ్చిన ముంతఖబ్ లాంటి పత్రం చెబుతుంది. అది పారసీలోనో ఉర్దూలోనో ఉంటుంది. గుడి భూమికి కోర్టులో తగువు వస్తే, పూజారిగారి తరఫున నిలబడేది ఆ లిపి చదవగలిగిన మనిషే. వాళ్ల కాగితం అని పారేస్తే పోయేది మన స్వామి మాన్యం.

రెండో మాట మహాభారతం గురించి. ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా ఉన్న భారతం ప్రతులన్నీ పోల్చి, శుద్ధమైన పాఠం తేవాలని పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ఒక పని మొదలుపెట్టింది. వి.ఎస్. సుక్తంకర్ దానికి ప్రాణం పోశారు. 1943లో ఆయన పోయారు, ఇంకొకరు అందుకున్నారు. మొత్తం 1,259 ప్రతులు చూశారు. కశ్మీర్ శారదా లిపి, నేపాల్, మిథిల, బెంగాల్, గ్రంథ, మలయాళ లిపులు, వీటన్నిటితోపాటు మన తెలుగు లిపి ప్రతులు కూడా ఉన్నాయి. 1966లో పూర్తయింది, 19 సంపుటాలు. నలభై ఏడేళ్ల యజ్ఞం! దానికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు ఇచ్చినవాళ్లలో, మనం పొద్దున కూర్చున్న ఆ కాలేజీ మెట్లు కట్టించిన ఉస్మాన్ అలీఖాన్ ఒకరు. ఏటా వెయ్యి రూపాయల చొప్పున కొన్నేళ్లు ఇచ్చారు. అక్కడికి వచ్చే పండితులు ఉండటానికి కట్టిన అతిథిగృహానికి ఇప్పటికీ నిజాం పేరే ఉంది. మన తాటాకు, వాళ్ల రూపాయి, మరాఠీ పండితుడి ఆయుష్షు కలిస్తే వ్యాసుడి మాట నిలబడింది.

"కానీ అక్కా, వాళ్లల్ల గుళ్లు కూలగొట్టినోళ్లు కూడా ఉన్నరు గదా?" అన్నాడు.

ఉన్నారు. కొన్నిచోట్ల కూల్చారు, అది నిజం, దాచాల్సిన పని లేదు. ఇచ్చినవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే. ఈ రెండూ మనకి వాట్సాప్‌లో తెలియవు. ఇదిగో ఈ కాగితాల్లో తెలుస్తాయి. కోపం తెచ్చుకున్నా, కృతజ్ఞత చెప్పుకున్నా, నిజం తెలుసుకుని చేయాలి. అందుకే సాక్ష్యాన్ని కాపాడటం ధర్మం. సత్యం కన్నా పెద్ద ధర్మం లేదని కదా మనం చదువుకునేది.

మూడో మాట సురవరం ప్రతాపరెడ్డిగారిది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఒకాయన రాశారు. ఇప్పుడైతే కామెంట్లలో వారం రోజులు యుద్ధం జరిగేది. ప్రతాపరెడ్డిగారు ఊరూరి నుంచి పద్యాలు సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అంతే, ఇంకెవరూ ఆ మాట అనలేదు. వెతికి, పోగుచేసి, ముందు పెట్టడమే జవాబు. మన కాచిగూడకి దగ్గర్లోనే, సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఇంకా ఉంది. ఈసారి కోఠీకి బట్టలు కొనడానికి పోతే ఒకసారి లోపలికి వెళ్లి రండి అన్నాను.

సాయంత్రం తార్నాక నుంచి తిరిగి వచ్చేశాం. ఇక మిగిలింది ఆ ట్రంకు పెట్టె.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి వాళ్ల నాన్నకి చెప్పింది. ఆయనకి కోపం వచ్చింది. నాకు ఫోన్ చేశారు. "మేడమ్, పిల్లలకి భక్తి నేర్పమని పంపిస్తే పెద్దల మాటకి ఎదురు చెప్పమని నేర్పుతున్నారా? మా నాయన పోయేముందు గంగలో కలపమన్నడు" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. పోయిన తండ్రి మాట అది. నేను వాదించలేదు. బీచుపల్లి సంగతి చెప్పాను. "అన్నగారూ, మీ నాన్నగారి మాట తప్పకుండా నెరవేర్చండి. కానీ కలిపే ముందు ఒక్కసారి విప్పి చూడండి. ప్రతి ఆకునీ ఫొటో తీయించండి. చదవగలిగినవాళ్లకి చూపించండి. అందులో ఏముందో తెలిశాక, మీ మనసు ఎలా చెబితే అలా చేయండి. నాలాగా తెలియకుండా మాత్రం వదలకండి" అన్నాను. ఆయన ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశారు.

మూలా నక్షత్రం రోజు రాత్రి ఆ అమ్మాయి ఫొటో పంపింది. సరస్వతీ పూజలో తన ఫిజిక్స్ పుస్తకం, తమ్ముడి ఎక్కాల పుస్తకం, వాటి పక్కన రెండు తాటాకుల కట్టలు. ట్రంకులో పాత పంచాంగాలు, ఒక ఉర్దూ కాగితాల కట్ట కూడా ఉన్నాయట. కింద మెసేజ్: "నాన్నే తీసిండు అక్కా. తుడుస్తుంటే తాతయ్య చేతిరాత చీటీ ఒకటి దొరికింది. నాన్న ఏడ్చిండు."

పండగ అయ్యాక తండ్రీకూతుళ్లు ఇద్దరూ క్యాంపస్‌కి వెళ్లి ఒక కట్టని చూపించి వచ్చారు. గ్రంథం ఏమిటో ఇంకా పూర్తిగా తేలలేదు. ఇల్లు మాత్రం అమ్మేస్తున్నారు, అది ఆగదు. పుష్కరాలకి ఏం చేస్తారో ఆయన ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు. కట్ట విప్పి చూశారు, ఇప్పటికి నాకు అది చాలు.

మీ ఇంట్లో కూడా అటక మీదో, దేవుడి గూట్లోనో, ఊళ్లో పెద్దమ్మ ఇంట్లోనో ఇలాంటివి ఉండొచ్చు. ఉంటే ఈ జాగ్రత్తలు పాటించండి.

ఆకులు అతుక్కుపోయి ఉంటే బలవంతంగా లాగకండి. తడిగుడ్డతో తుడవకండి. సెలోటేపు, ఫెవికాల్ అస్సలు వద్దు. ప్లాస్టిక్ కవర్లో చుడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఉతికిన పాత నూలు గుడ్డలో మెత్తగా, వదులు కాకుండా కట్టి, పొడిగా గాలి ఆడేచోట పెట్టండి. మీ అంతట మీరు నూనె పూయకండి, ఏది పూయాలో తెలిసినవాళ్లు పూస్తారు. ఆకుల వరుస మార్చకుండా రెండువైపులా ఫొటోలు తీయండి. ఇది ఎవరిది, ఏ ఊరు, ఇంట్లో ఏమని చెప్పుకునేవాళ్లు, ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. తర్వాత లిఖిత గ్రంథాలయం వాళ్లని అడగండి. పసుపు, కుంకుమ మాత్రం ఆకు మీద కాదు, పైన చుట్టిన గుడ్డకి పెట్టండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

చదువుకునే పిల్లలకి ఇంకొక్క విన్నపం. మీలో ఒక్కరైనా పాత తెలుగు లిపి నేర్చుకోండి. ఒక్కరైనా ఉర్దూ, పారసీ నేర్చుకోండి. కోడింగ్ నేర్చుకునేవాళ్లు ఈ ఫొటోల్ని చదివించే పని గురించి ఆలోచించండి. సత్యవ్రతుడి నావలో ఋషుల కోసం ఉంచిన సీట్లు ఇప్పుడు ఖాళీ అవుతున్నాయి. మీరు కూర్చోవాలి.

నాయనమ్మ ఆకు ఇప్పుడు నా పూజగదిలో ఉంది. చివరి లైను ఎలా పూర్తవుతుందో నాకు ఎప్పటికీ తెలియదు. మీ ఇంట్లో ఉన్న కట్టలో తర్వాతి ఆకు ఇంకా ఉంది. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, దాని గురించి ఒక్క మాట అడగండి.

శుభం.